రెండు వందల గ్రాముల ఇసుక

కోళ్ల కంపెనీ యజమానురాలికి,

నీ గుమాస్తా, ప్యాకింగు మనిషి, ఇసుక వేయించే వంటవాడు, మూడు ఉద్యోగాలకీ కలిపి ఒక్క జీతం కూడా లేని మీ ఆయన రాస్తున్నది. ఇక్కడ నేనూ, ఇంకా అమ్ముడుపోని ఇరవై మూడు కోళ్లూ క్షేమం. అక్కడ నువ్వు కులాసాగా ఉన్నావనీ, అత్తయ్య తుంటి ఎముక డాక్టరు మాట వినకపోయినా నీ మాటైనా వింటోందనీ తలుస్తున్నాను. ఈ కవరు చేతికి కాస్త బరువుగా తగిలి ఉంటుంది. లోపల ఇంకో కవరుంది. దాన్ని పక్కన పెట్టి ముందు ఇది చదువు. దాని సంగతి ఆఖర్న చెప్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని అత్తయ్య అడుగుతుంది. ఫోన్లో నీతో లెక్కలు మొదలుపెడితే సగంలోనే "సరేలెండి, మీకు తెలీందేముంది" అనేస్తావు. పైగా అక్కడ మాట అందాలంటే నువ్వు మేడమెట్ల మీద నిలబడాలి. ఇది నిలబడి వినే సంగతి కాదు. కూర్చుని చదువు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. వేళకి తింటున్నాను. గిన్నె మాడింది రెండేసార్లు. అందులో రెండోది నా తప్పు కాదు, పక్క పొయ్యి మీద ఇసుక వేగుతుంటే ముందు ఏది దించాలో తెలియక ఇసుక దించాను. ఆ ఇసుక నువ్వు చెప్పినట్టే మూడు నీళ్లు కడిగి, ఎండబెట్టి, చెమ్మ లేకుండా వేయించి, చల్లారాకే గుడ్డకోడి కడుపులో పోస్తున్నాను. నీ లోతు మూకుడు ఇక వంటకి పనికిరాదు, దాని మీద ఆశ వదులుకో. కోడి అడుగున కుట్టు నేనే వేస్తున్నాను. నీ కుట్టు పక్కన నా కుట్టు చూస్తే ఆపరేషన్ అయిన కోడిలా ఉంటుంది గానీ, ఊడదు. నీ దగ్గు పూర్తిగా తగ్గిందని అత్తయ్య ఫోన్లో చెప్పింది. నీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. ఎందుకు రాయలేదో నాకు తెలుసు. రాస్తే, "చూశావా, ఫ్యాక్టరీ నూలు దుమ్ము లేకపోతే రెండు నెలల్లో తగ్గిపోయింది" అంటాననే కదా. రాయకపోయినా అంటున్నాను.

నువ్వు పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి పెట్టిన షరతు నాకు పొద్దున లేస్తే గుర్తొస్తుంది. "ఒకటో తారీఖులోగా ఈ కోళ్ల మీద నాలుగు డబ్బులు మిగిలాయా, ఇంట్లో కూర్చుని కుట్టుకుంటాను. లేదంటే కాలర్లు కుట్టడానికి మళ్లీ ఫ్యాక్టరీకి పోతాను. మీకొచ్చే పింఛను ఇంటి అద్దెకే సరి" అన్నావు. అందులో అబద్ధం లేదు. అందుకే ఈ రెండు నెలలూ నా ధ్యాసంతా ఒక్కదాని మీదే పెట్టాను. మన ఇంట్లోంచి కొన్నవాళ్ల ఇంటికి ఒక కోడి వెళ్లాలంటే ఎంతవుతుంది? వినడానికి చిన్న లెక్క. ఇరవై ఏడేళ్లు గేటు దగ్గర లారీల కాటా మీద కూర్చున్న మనిషికి మరీ చిన్న లెక్క. అలాగే అనుకున్నాను.

నువ్వు కుట్టి పెట్టి వెళ్లిన నలభైలో పదిహేడు వెళ్లాయి. మొదట్లో కొనేవాళ్లకి ఇది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టే కోడి అని అర్థం కాలేదు. ఒకావిడ "పిల్లల బొమ్మ ఇంత బరువేమిటి, మీద పడితే?" అని అడిగింది. అప్పుడు అమ్మాయి హాస్టల్లోంచే మన దుకాణం పేజీలో ఫోటో మార్చింది. తలుపు, తలుపు కింద కోడి, పక్కన నీ వాక్యం: "కడుపులో తొమ్మిది వందల గ్రాముల ఇసుక. గాలికి జంకదు." అది చూశాక కొనడం మొదలుపెట్టారు. కాబట్టి కోళ్లు పోవడం నా గొప్ప కాదు, మీ తల్లీకూతుళ్లదే.

అయితే అదే పేజీలో అమ్మాయి ఇంకో ముక్క కూడా పెట్టింది, డెలివరీ ఉచితం అని.

"మనకెవరు ఉచితంగా మోస్తారే?" అన్నాను.

"ఎవరూ మోయరు నాన్నా. ఆ ఖర్చు కోడి ధరలో కలుపుకోవాలి."

"ఎంత కలిపావు?"

"కోడి మూడు వందల యాభై అని పెట్టాను. కలిసిపోతుందిలే."

కలవలేదు. ఆ కథ విను. చెప్పుల షాపాయన్ని అడిగితే ఖాళీ డబ్బాలు ఊరికే ఇచ్చాడు. ఊరికే వస్తున్నాయని మురిసిపోయాను. ఒక్కో డబ్బాలో ఒక్కో కోడి హాయిగా పడుకుంది, మిగతా చోటంతా పాత పేపర్లు కుక్కాను. ఇంట్లో తూస్తే కిలో మూడు వందలు. చీటీ మీద రాసుకుని దర్జాగా కొరియర్ ఆఫీసుకి వెళ్లాను. అక్కడ కౌంటర్లో కళ్లద్దాల అమ్మాయి ఒకతి ఉంటుంది, మన అమ్మాయి కంటే రెండేళ్లు పెద్దదేమో. డబ్బాని త్రాసు మీద పెట్టింది, బాగానే ఉంది. తర్వాత సొరుగులోంచి టేపు తీసి పొడుగూ వెడల్పూ ఎత్తూ కొలిచింది.

"రెండు కిలోలండీ" అంది.

"కిలో మూడు వందలమ్మా. మీ త్రాసే చెప్తోంది చూడు."

"బరువు అంతేనండీ. డబ్బా ఆక్రమించే చోటుకి లెక్క కడితే రెండు కిలోలవుతుంది. రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే కట్టాలి."

"ఇరవై ఏడేళ్లు కాటా మీద కూర్చున్నాను. చోటుకి బరువుంటుందని ఇవాళే వింటున్నాను."

"దూది లారీ వస్తే ఏం చేసేవారు?"

"దూది ఎంతుంటే అంత రాసేవాణ్ణి."

"అయితే ఆ లారీ ఆయన నష్టపోయే ఉంటాడు" అని రసీదు చించి ఇచ్చింది.  ఇంటికొచ్చి టీ పెట్టుకుంటూ ఆ లారీ ఆయన నష్టం ఎంతుంటుందో లెక్కేశాను.

దూరపు ఊరికి మొదటి అరకిలోకి తొంభై, ఆపైన ప్రతి అరకిలోకీ డెబ్భై. మనకొచ్చినవి దాదాపు అన్నీ దూరపు ఊళ్లే. అంటే రెండు కిలోలకి మూడు వందలు. కోడి మూడు వందల యాభై, దాని ప్రయాణం మూడు వందలు. చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, అది మన ఇంట్లోనే జరిగింది. గుడ్డకీ దారానికీ కళ్లకి కుట్టిన గుండీలకీ ఎనభై అయింది కదా, మనం ఎదురు ముప్పై ఇచ్చి మరీ ఒక్కో కోడినీ సాగనంపాం. మొదటి వారంలో అలా ఆరు వెళ్లిపోయాయి. నీ రెండు గంటల కుట్టు గురించి నేనసలు లెక్కే వేయలేదు, వేస్తే ఏడుపొస్తుంది.

సరే, బుద్ధొచ్చింది. అట్టపెట్టెల దుకాణానికి కోడిని చంకలో పెట్టుకుని వెళ్లి, దానికి సరిగ్గా సరిపోయే చిన్న పెట్టె వెతికాను. దుకాణంలో వాళ్లు నన్ను ఎలా చూశారో అడక్కు. పెట్టె దొరికింది, మూలలు నలిగిన సరుకని ఊరికే ఇచ్చారు. ఇక చోటు గొడవ తీరింది, అసలు బరువే లెక్క. కోడి గుడ్డ నూట అరవై, ఇసుక తొమ్మిది వందలు, పెట్టే కాగితాలూ టేపూ కలిపి నూట ఇరవై. మొత్తం కిలో నూట ఎనభై. కిలో దాటింది కాబట్టి కిలోన్నర కింద లెక్క, రెండు వందల ముప్పై. అన్ని ఖర్చులూ పోను కోడికి నలభై మిగులుతుంది.  ఫ్యాక్టరీలో రెండు గంటలకి నీకు అంతకంటే ఎక్కువే ఇస్తారు. ఈ లెక్క చూపిస్తే నువ్వు మర్నాడే మిషను ముందు కూర్చుంటావని నాకు తెలుసు.

ఆ తర్వాత వెళ్లిన పదకొండు కోళ్ల మీద మాత్రం ఒక్కోదానికి నూట పది మిగిలింది. ఈ మాట ఫోన్లో చెప్పినప్పుడు నువ్వు నవ్వావు. "మీ బుర్రే బుర్ర" అన్నావు. ఇన్నేళ్లలో నా బుర్రని నువ్వు మెచ్చుకున్నది నాలుగోసారి, అందులో రెండు వెటకారానికి. ఎలా మిగిలిందో నువ్వడగలేదు, నేను చెప్పలేదు.

పోయిన వారం దుకాణం పేజీలో ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ సముద్రం ఒడ్డున ఉండే టీచరమ్మ, రిటైరయింది. అమ్మాయి ఫోన్ చేసి చదివి వినిపించింది. నాకు కంఠతా వచ్చేసింది కాబట్టి రాస్తున్నాను.

"మీ కోడి ముచ్చటగా ఉంది. కానీ మా సముద్రం గాలికి తలుపుతోపాటు అదీ నడిచి వెళ్తోంది. అనుమానం వచ్చి కుట్టు విప్పి ఇసుక తూచాను. ఏడు వందల గ్రాములుంది, మీరు తొమ్మిది వందలని రాశారు. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది, మనుషులన్నాక జరుగుతుంది. మా ఇంటి ముందరి ఇసుక రెండు గుప్పెళ్లు పోసి మళ్లీ కుట్టుకున్నాను. ఇప్పుడు రాయిలా కూర్చుంది. ఒక్కటే సందేహం. మా గుమ్మం దిగితే ఇసుకే. అలాంటిది అంత దూరం నుంచి నాకు ఇసుక మోయించి పంపడమెందుకు?" ఇలా రాసి ఐదుకి ఐదు చుక్కలూ ఇచ్చింది. తిట్టి ఒక్క చుక్కే ఇచ్చి ఉంటే నాకు బాగుండేది.

అమ్మాయి చదవడం ఆపి నవ్వింది. "నాన్నా, నువ్వు తూకం తప్పడమేంటి. ఆవిడ త్రాసే పాడై ఉంటుంది, అలాగే రాసేస్తాను" అంది. నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

ఇక చెప్పేస్తాను. ఆవిడ త్రాసు బాగానే ఉంది. నేనే ఏడు వందలు పోశాను. పదకొండు కోళ్లకీ అంతే. రెండు వందలు తగ్గిస్తే పార్సిలు తొమ్మిది వందల ఎనభైకి దిగుతుంది, కిలో లోపు. కిలో లోపు అంటే నూట అరవై. డెబ్భై మిగులు. నీకు నూట పది వచ్చిందంటే అందులో డెబ్భై ఆ ఇసుకదే. పేజీలో నీ వాక్యం నీ వాక్యంలాగే ఉంది, తొమ్మిది వందలని. దాన్ని మార్చమని అమ్మాయికి చెప్తే ఎందుకని అడుగుతుంది. అందుకే చెప్పలేదు.

తెలియక చేశానని కూడా అనలేను. మొదటిది పోసే ముందు మన వీధి తలుపు దగ్గర కూర్చునే ఖాకీ కోడిని తీసి, దాని చోట ఏడు వందల కోడిని పెట్టి చూశాను. గుర్తుందిగా ఆ ఖాకీ కోడి, అమ్మాయి ఉయ్యాల్లో ఉన్నప్పుడు తలుపు కొట్టుకుని ఊరికే లేచి ఏడుస్తుంటే నా పాత యూనిఫాం చొక్కాతో కుట్టావు. అప్పుడు నువ్వు ఐదు వందలు పోసి చూశావు, ఆరు పోసి చూశావు, ఇసుక పోస్తూ తీస్తూ మూడు రోజులు ఆ గుమ్మం దగ్గరే కూర్చున్నావు. తొమ్మిది వందల దగ్గర తలుపు నోరు మూసింది. నేను కాటా మీద లారీలు తూస్తుంటే నువ్వు ఇంట్లో తలుపుని తూచావు. అలాంటి లెక్కని నేను పక్కన పెట్టాను. ఏడు వందల కోడి గాలికి జానెడు జరిగింది. నా కళ్లతో చూశాను. చూసి, "మన గచ్చు మరీ నున్నగా ఉంది, వాళ్లిళ్లలో ఆగుతుందిలే" అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నిజమే, పట్టుకున్నది సముద్రం టీచరమ్మ.

ఇసుక లారీ ఆయన నా టిఫిను డబ్బా కింద నోట్లు పెట్టి, అర టన్ను తగ్గించి రాయమన్న రోజు నీకు గుర్తుండే ఉంటుంది. ఆ నోట్లు తిరిగిచ్చేసి ఇంటికొచ్చి నీతో ఎంత గొప్పగా చెప్పుకున్నానో అది కూడా గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే ఇప్పటికి యాభైసార్లు చెప్పి ఉంటాను. అర టన్ను ఇసుకకి లొంగని వాణ్ణి రెండు వందల గ్రాములకి లొంగాను. డబ్బు మీద ఆశతో కాదు. నువ్వు మళ్లీ ఆ దుమ్ములో కూర్చుని దగ్గడం నేను వినలేను. రెండు గదుల ఇల్లు, ఏ గదిలో పడుకున్నా వినపడుతుంది. ఇది సాకు కింద రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అమ్మాయికి ఆ ఫోన్లోనే చెప్పేశాను.  "ముందు కొన్నవాళ్లకి చెప్పు, తర్వాత అమ్మకి చెప్పు. అమ్మకి ఫోన్లో చెప్పకు, సరేలెండి అంటుంది" అంది. నీ కూతురే.

పదకొండు మందికీ నేనే రాశాను. "తొమ్మిది వందలని చెప్పి ఏడు వందలు పోశాను. పొరపాటున కాదు, కొరియర్ ఖర్చు తగ్గుతుందని. కోడి వద్దంటే మీ డబ్బు మొత్తం వెనక్కిస్తాను, కోడిని తిప్పి పంపక్కర్లేదు. ఉంచుకుంటే కుట్టు విప్పి మీ దగ్గరి ఇసుక ఇంకో రెండు వందలు పోసుకోండి" అని. తొమ్మిది మంది జవాబిచ్చారు. ఇద్దరు డబ్బు వెనక్కి తీసుకున్నారు. అందులో ఒకాయన "దొంగ తూకం వాళ్లకి దుకాణమెందుకు" అని రాశాడు. ఈ మాట నీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, మళ్లీ అదే పని చేస్తున్నానని గుర్తొచ్చి రాశాను. మిగతావాళ్లు నవ్వేసి ఊరుకున్నారు. మెకానిక్కు ఒకాయన పాత బోల్టులు వేశాడట, తన కోడి అందరి కోళ్ల కంటే గట్టిదట. ఇంకొకావిడ ఇంట్లో గోళీలు పోసిందట, తలుపు తీసినప్పుడల్లా గలగలమంటోందట.

టీచరమ్మ మాత్రం ఇంకో మూడు కోళ్లు కావాలని రాసింది, చెల్లెళ్లకి. "దయచేసి ఖాళీవి పంపండి. ఇసుక మా దగ్గరుంది" అంది.

ఇక్కడ నా బుర్ర కాదు, ఆవిడ బుర్ర పనిచేసింది. ఒక ఖాళీ కోడిని మడిచి కవర్లో పెట్టి కొరియర్ ఆఫీసుకి తీసుకెళ్లాను. కళ్లద్దాల అమ్మాయి తూచింది, నూట ఎనభై. టేపుతో కొలిచింది, చోటు లెక్కన కూడా అరకిలో లోపే. "తొంభై" అంది. "ఇన్నాళ్లూ మీరు ఇసుకకి టికెట్టు కొన్నారండీ" అని కూడా అంది. ఈసారి నాకు కోపం రాలేదు. పెట్టె అక్కర్లేదు, ఇసుక కడగక్కర్లేదు, నీ మూకుడుకి విముక్తి. కోడికి నూట ఎనభై మిగులుతుంది, ఎవరి దగ్గరా గ్రాము తగ్గించకుండా. కొన్నవాళ్లకి ఒక చీటీ పెడదాం: "ఇసుకో, గులకరాళ్లో, మీ ఇంటి దగ్గర ఏది దొరికితే అది, తొమ్మిది వందల గ్రాములు పోయండి" అని.

ఇది నేను మొదలుపెట్టలేదు. ఇరవై మూడు కోళ్లూ నీ మాట కోసం బీరువా మీద వరసగా కూర్చున్నాయి. నువ్వేమంటావో నాకు తెలుసు. "మన గడప దాటేది ఏదైనా కడుపు నిండి దాటాలి" అంటావు. వచ్చినవాళ్లకి అదే అంటావు, అమ్మాయికి అదే అంటావు, ఆఖరికి గుడ్డకోడికీ అదే. ఖాళీ కోడిని పంపడం నీకు మనసొప్పదు. కానీ ఒకటి ఆలోచించు. అమ్మాయి అక్కడ హాస్టల్ తిండే తింటోంది, ఒకటే తిట్టుకుంటూ తింటోంది. అంతమాత్రాన మన పిల్ల కాకుండా పోయిందా? కోడీ అంతే. కుట్టు నీది, కడుపు వాళ్లది. కాదంటావా, కాదను. కోడిగుడ్డు మీద ఈకలు పీకే హక్కు ఈ కంపెనీలో నీకొక్కదానికే ఉంది. సరేనంటే మాత్రం అడుగున నోరెలా పెట్టాలో, తాడు పెట్టాలో గుండీ పెట్టాలో, ఇసుక కారకుండా లోపల ఇంకో సంచీ కావాలో నువ్వే చెప్పాలి. నాకు సూది పట్టుకోవడం వచ్చు గానీ అంత ఆలోచన రాదు.

ఇక నువ్వడిగినవాటిలో మిగిలింది ఒక్కటే. కవరు ఇచ్చారా అని ఉత్తరంలో మళ్లీ అడిగావు.

వెళ్లేముందు నా చేతిలో పెట్టావు, ఫ్యాక్టరీలో మళ్లీ చేరతానని నువ్వు సంతకం చేసిన దరఖాస్తు. ఒకటో తారీఖుకి కోళ్ల మీద ఏమీ మిగలకపోతే తీసుకెళ్లి లైన్ సూపర్‌వైజరమ్మకి ఇమ్మన్నావు. ఒకటో తారీఖున ఫోన్లో "పదకొండు కోళ్లతో ఇల్లు గడవదు, దేనికైనా మంచిది, ఇచ్చారా?" అంటే నేను "ఊఁ" అన్నాను. ఇవ్వలేదు. ఖాకీ కోడి కింద పెట్టాను, అక్కడైతే గాలికి పోదని. పదకొండు కోళ్లకి నూట పదేసి మిగిలిందిగా, ఇక ఇవ్వడమెందుకు అనుకున్నాను. ఆ నూట పది ఎలాంటిదో ఇప్పుడు నీకు తెలుసు. వెనక్కిచ్చినవి పోను, మొదటి ఆరింటి నష్టం పోను, రెండు నెలల మీద మొత్తం మిగిలింది మూడు వందల ముప్పై. అది నాలుగు డబ్బులు కాదు. షరతు ప్రకారం నేను ఓడిపోయాను.

సూపర్‌వైజరమ్మ మొన్న కూరగాయల దగ్గర కనబడింది. "వదిన కాగితం ఇంకా రాలేదేంటన్నయ్యా, మనసు మార్చుకుందా?" అంది. నెలాఖరుదాకా నీ మిషను ఎవరికీ ఇవ్వనంది. దగ్గు తగ్గిందా అని కూడా అడిగింది. తగ్గిందని చెప్పాను. "మా దగ్గరికొస్తే మళ్లీ వస్తుంది" అని నవ్వింది, కానీ ఆవిడా దగ్గుతూనే నవ్వింది.

ఆ కవరే ఇది. విప్పలేదు, నువ్వు అంటించినట్టే ఉంది. చించేస్తే ఇరవై మూడు ఖాళీ కోళ్లతో మొదలుపెడదాం. పంపాలనుకుంటే సూపర్‌వైజరమ్మ చిరునామా దాని మీదే ఉంది, నెలాఖరుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది, అక్కడి నుంచే పోస్టు చెయ్యి. నేను అడ్డం చెప్పను. వెళ్లొద్దని మాత్రం ఉంది. అది కూడా చెప్పకుండా ఎందుకు దాచాలి, చాలా ఉంది.

రాయడం అయిపోయాక అలవాటు చొప్పున అన్నీ కలిపి తూచాను. అరవై మూడు గ్రాములు. అరవై దాటితే అదనపు స్టాంపు అంటించాలి. ఒక్క కాగితం తీసేస్తే సరిపోతుంది. ఇసుక సంగతంతా నాలుగో కాగితం మీదుంది. రెండుసార్లు తీసి చూశాను, రెండుసార్లూ మళ్లీ పెట్టాను. అదనపు స్టాంపే అంటిస్తున్నాను.

అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ జవాబు వచ్చేదాకా కోళ్లకి కాపలా కాస్తూ,
మీ ఆయన